గృహ నెట్‌వర్కులో వైర్‌లెస్ బ్యాకప్ డ్రైవు

వైర్‌లెస్ బ్యాకప్ డ్రైవు అనునది ఇంటిలో అప్పటికే ఉన్న నెట్‌వర్కుకు జతచేసి, ఆ ఇంటి కంప్యూటర్లు, ఫోన్లలోని ఫైళ్ళ నకళ్ళను తీగతో పని లేకుండా భద్రపరచుకొనే నిల్వ సాధనం. దీనిలో ఒక హార్డు డిస్కు (లేదా రెండు), చిన్న ప్రాసెసరు, నెట్‌వర్కు అనుసంధానం ఉంటాయి. అనగా ఇది స్వయంగా ఒక చిన్న కంప్యూటరే. తెర, కీబోర్డు మాత్రం ఉండవు. పట్టాదారు పాసు పుస్తకం స్కాను ప్రతులు, వైద్య పరీక్షల నివేదికలు, పెళ్ళి ఫోటోలు, పిల్లల ధ్రువపత్రాలు ఒకే ల్యాప్‌టాపులోనో ఒకే ఫోనులోనో ఉన్న ఇంటికి ఆ పరికరం పాడైన రోజున జరిగే నష్టం పరికరం ధరతో పోల్చదగినది కాదు. అటువంటి నష్టాన్ని నివారించుటకే ఈ సాధనం. ఈ వ్యాసంలో దాని రకాలు, జతచేసే విధానంతో పాటు, అనంతపురం జిల్లాలోని కళ్యాణదుర్గం వంటి కరవు పీఠభూమి పట్టణాలలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులు కూడా వివరించబడినవి.

రకాలు

"వైర్‌లెస్ డ్రైవు" అన్న పేరు కొంత తప్పుదారి పట్టించేది. ఈ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు రౌటరుకు తీగతోనే కలుస్తాయి. వైర్‌లెస్‌గా కలిసేది ల్యాప్‌టాపు, ఫోను మాత్రమే. ఇలా రౌటరుకు ఈథర్నెట్ తీగతో కలిపే పెట్టెను నెట్‌వర్కు నిల్వ పెట్టె అనీ, పొట్టిగా నాస్ అనీ అంటారు. రెండవ రకంలో రౌటరు, డిస్కు ఒకే పెట్టెలో ఉంటాయి. మూడవది అన్నిటికంటే చవకైనది: రౌటరుకు వెనుక యూఎస్‌బీ రంధ్రం ఉంటే, అందులో మామూలు బయటి హార్డు డిస్కును గుచ్చి నెట్‌వర్కు అంతటికీ పంచుకోవడం. నాలుగవ రకం నిజంగానే తీగ లేనిది. బ్యాటరీ, సొంత వై-ఫై కల ఈ జేబు డ్రైవులు ప్రయాణంలో ఉండే ఫోటోగ్రాఫర్ల కోసం తయారైనవి. సీగేట్ సంస్థ 2011లో విడుదల చేసిన గోఫ్లెక్స్ శాటిలైట్, వెస్టర్న్ డిజిటల్ సంస్థ 2014లో తెచ్చిన మై పాస్‌పోర్ట్ వైర్‌లెస్ ఈ కోవకు చెందినవి. ఇంటిలో నిత్యం బ్యాకప్ తీసుకొనుటకు ఇవి అంతగా తగవు.

చరిత్ర

ఒక కంప్యూటరులోని ఫైళ్ళను వేరొక కంప్యూటరు నుండి వాడుకొనే పద్ధతి గృహ నెట్‌వర్కుల కంటే చాలా పాతది. ఐబీఎం సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ 1983లో రూపొందించిన ఎస్‌ఎంబీ నియమావళి, సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ నియమావళి ఇందుకు పునాదులు. 1991-92 కాలంలో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఎస్‌ఎంబీని యూనిక్సు యంత్రాలపై పనిచేయించే సాంబా అన్న స్వేచ్ఛా సాఫ్టువేరును మొదలుపెట్టాడు. ఈనాడు అమ్ముడయ్యే నాస్ పెట్టెలలో అత్యధిక భాగం లినక్సు, సాంబాలతోనే నడుస్తున్నాయి. మార్పులు జరిగిన భాగాలను మాత్రమే పంపే ఆర్‌సింక్ కార్యక్రమం కూడా (1996) ట్రిడ్జెల్, పాల్ మకెరస్‌ల కృషి ఫలితమే.

వై-ఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో వెలువడింది. భారతదేశంలో 2005 జనవరిలో వెలువడిన ప్రకటన ద్వారా 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ఇంటా బయటా లైసెన్సు లేకుండా వాడుకొనే వీలు కలిగింది. అదే సంవత్సరం బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండు సేవ ఆరంభమైంది. చిన్న పట్టణాల ఇళ్ళలోకి రౌటరు అన్న వస్తువు వచ్చింది ఈ కాలంలోనే. లింక్సిస్ సంస్థ 2004లో తెచ్చిన ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 అన్న చిన్న పెట్టె యూఎస్‌బీ డిస్కును నెట్‌వర్కుకు ఎక్కించి, గృహ వినియోగదారులకు ఈ ఆలోచనను పరిచయం చేసింది. 2008 జనవరిలో యాపిల్ సంస్థ టైమ్ క్యాప్సూల్ పేరుతో వై-ఫై రౌటరును, 500 గిగాబైట్ల లేదా ఒక టెరాబైటు డిస్కును ఒకే పెట్టెలో ఉంచి విడుదల చేసింది. "వైర్‌లెస్ బ్యాకప్" అన్న మాట సామాన్యుల నోట నానడానికి ముఖ్య కారణం ఇదే. 2018 ఏప్రిల్‌లో యాపిల్ దానిని నిలిపివేసింది.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించాడు. భూమిని తవ్వకుండా విద్యుత్తు స్తంభాల మీదుగానే సుమారు 24 వేల కిలోమీటర్ల కాంతి తీగను లాగడం దీని ప్రత్యేకత. స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇంటికి వచ్చే పెట్టెలోనే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు కలిసి ఉండేవి. ఆ విధంగా ఎందరికో తెలియకుండానే ఇంటిలో నెట్‌వర్కు ఏర్పడింది. డ్రైవును జతచేయవలసినది ఆ పెట్టెకే.

జతచేసే విధానం

ముందుగా రౌటరు వెనుక ఖాళీ ఈథర్నెట్ రంధ్రం ఉన్నదో లేదో చూడవలెను. ఉంటే డ్రైవును తీగతో అక్కడ కలపడం ఉత్తమం. డ్రైవును కూడా వై-ఫైతోనే కలిపితే ల్యాప్‌టాపు నుండి బయలుదేరిన ప్రతి ముక్క ఒకసారి రౌటరుకు, మరల రౌటరు నుండి డ్రైవుకు, గాలిలో రెండుమార్లు ప్రయాణించాలి. రెండూ ఒకే ఛానలును పంచుకొంటాయి గనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

డ్రైవుకు కరెంటు ఇవ్వగానే రౌటరు దానికి 192.168.1.7 వంటి ఒక చిరునామాను తనంతట తానే కేటాయిస్తుంది. చిక్కేమిటంటే ఈ చిరునామా శాశ్వతం కాదు. కరెంటు పోయి వచ్చినపుడు పరికరాలన్నీ తిరిగి చిరునామాలు అడుగుతాయి. నిన్నటి 7 నేడు టీవీకి పోవచ్చు. "నిన్నటి వరకు పనిచేసింది, నేడు డ్రైవు కనిపించడం లేదు" అన్న ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. రౌటరు అమరికల పుటలో డ్రైవు యొక్క మ్యాక్ చిరునామాకు ఒక స్థిర సంఖ్యను రిజర్వు చేస్తే ఈ బాధ తొలగిపోతుంది.

తరువాత బ్రౌజరులో ఆ చిరునామా తెరిచి, నిర్వాహకుని సంకేతపదం మార్చి, ఇంటిలో ఒక్కొక్కరికి ఒక ఖాతా, ఒక సంచయం సృష్టించాలి. అందరికీ ఒకే ఖాతా ఇవ్వడం సులువే కాని, ఒకరి పొరపాటున అందరి నకళ్ళూ చెరిగిపోయే ప్రమాదం కలదు. విండోస్ 8 (2012) నుండి ఉన్న ఫైల్ హిస్టరీ, మ్యాక్ యంత్రాలలో 2007 నుండి ఉన్న టైమ్ మెషీన్, లినక్సులో డేజా డుప్ వంటివి ఈ సంచయాన్ని గమ్యంగా చూపితే మిగిలిన పని అవే చేసుకొంటాయి. ఫోన్లకు డ్రైవు తయారీదారులే ఇచ్చే యాప్‌లు ఉంటాయి. ఫోను ఛార్జింగులో ఉన్నపుడు రాత్రిపూట మాత్రమే ఫోటోలు పంపేటట్లు అమర్చుకొనుట మేలు.

వేగము

మొదటి బ్యాకప్ పూర్తికాకుండానే విసిగి మానివేసేవారు ఎక్కువ. కనుక ముందే లెక్క తెలిసి ఉండటం మంచిది. పాత 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైలో సెకనుకు 72 మెగాబిట్లు అని తెరపై కనిపించినా, వాస్తవంగా అందేది సెకనుకు సుమారు 5 మెగాబైట్లు. 500 గిగాబైట్ల సమాచారానికి ఈ లెక్కన లక్ష సెకన్లు, అనగా దాదాపు 28 గంటలు పడుతుంది. అదే సమాచారం గిగాబిట్ ఈథర్నెట్ తీగపై సెకనుకు 110 మెగాబైట్ల వంతున గంటా పావులో ముగుస్తుంది. కాబట్టి మొదటిసారి ల్యాప్‌టాపును రౌటరు పక్కకు తీసుకువచ్చి తీగతో కలిపి, పూర్తి నకలు తీసి, ఆపైన రోజువారీ మార్పులను వై-ఫైకి వదలివేయాలి. రోజుకు వంద ఫోటోలు తీసినా అవి కొన్ని నిమిషాల పని.

పోలిక కొరకు: సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్టు కనెక్షనుపై అదే 500 గిగాబైట్లను దూరంలోని క్లౌడ్ నిల్వకు ఎక్కించుటకు మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఏకధాటిగా కావాలి. గూగుల్ ఫోటోస్ సేవలో అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసింది. ఇంటి డ్రైవు గురించి అనేకులు తిరిగి ఆలోచించుటకు ఇదీ ఒక కారణం.

కళ్యాణదుర్గం పరిస్థితులు

కళ్యాణదుర్గం అనంతపురం జిల్లాలో రెవెన్యూ డివిజను కేంద్రం, కర్ణాటక సరిహద్దుకు చేరువలోని పట్టణం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ జిల్లాలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ ప్రధాన పంట. డ్రైవు కొనుగోలుదారుకు ఈ భౌగోళిక వివరాలతో పనేమిటని అనిపించవచ్చు. కాని ఇక్కడి వేడి, ధూళి, గాలి, ఇంటి గోడలు, కరెంటు కోత ఒక్కొక్కటీ ఈ సాధనంపై ప్రభావం చూపుతాయి. డబ్బాతో వచ్చే సూచనల పుస్తకం వీటిని ఊహించి వ్రాసినది కాదు.

వేడి: నాస్ పెట్టెల తయారీదారులు సాధారణంగా గది ఉష్ణోగ్రత 35 లేదా 40 డిగ్రీలు మించరాదని చెబుతారు. ఏప్రిల్, మే నెలలలో బయట 40 డిగ్రీల దాకా ఎండ కాసినపుడు, మిద్దె కింద మూసిన గదిలో మధ్యాహ్నం ఈ హద్దు దాటుట కష్టం కాదు. పెట్టె లోపలి డిస్కు గది కంటే మరో పది డిగ్రీలు వేడిగా ఉంటుంది. అయితే వేడిని గురించి అతిగా భయపడనవసరం లేదు. గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఉష్ణోగ్రతకు, డిస్కు చెడిపోవుటకు అనుకొన్నంత బలమైన సంబంధం కనిపించలేదు. మూడేళ్ళు దాటిన డిస్కులలో, అదీ అధిక ఉష్ణోగ్రతల వద్ద మాత్రమే నష్టం స్పష్టమైంది. అదే అధ్యయనం మరొక విషయం తేల్చింది: చెడిపోయిన డిస్కులలో మూడో వంతుకు పైగా ముందస్తు హెచ్చరిక ఏదీ ఇవ్వకుండానే చెడిపోయినవి. డ్రైవులోని పచ్చదీపం వెలుగుతున్నది గనుక అంతా క్షేమమని అనుకోరాదు. వేసవిలో బ్యాకప్ సమయాన్ని తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు మార్చుకొనుట తేలికైన ఉపాయం.

గాలి, ధూళి: ఈ ప్రాంతంలో గాలిమరలు విరివిగా నెలకొల్పడానికి కారణమైన నైరుతి గాలులు జూన్ నుండి ఆగస్టు వరకు బలంగా వీస్తాయి. వానలు అంతగా తేని ఈ గాలులు పొలాల ఎర్రమట్టి ధూళిని ఇళ్ళలోకి తెస్తాయి. హార్డు డిస్కు లోపలి భాగం మూసి ఉంటుంది గనుక దానికి ప్రమాదం తక్కువ. దుమ్ము పట్టేది పెట్టె వెనుక పంకాకు. పంకా ఆగితే వేడి, వేడితో పైన చెప్పిన చిక్కు. పంకా లేని ఒక డిస్కు నమూనాను ఎంచుకొని, నేలపై కాక గూట్లో లేదా అటకకు దిగువన, నెలకొకసారి చేయి అందే చోట ఉంచడం మంచిది. డ్రైవుపై గుడ్డ కప్పడం మాత్రం ఎంతమాత్రం తగదు. దుమ్ము ఆగుతుందేమో కాని గాలి కూడా ఆగుతుంది.

గోడలు: సీమ పల్లెలలో, పాత పేటలలో రాతి గోడల మిద్దెలు ఇప్పటికీ కనిపిస్తాయి. రెండడుగుల మందం గల రాతిగోడను దాటేసరికి వై-ఫై సంకేతం బాగా క్షీణిస్తుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగవంతమైనదే అయినా గోడల విషయంలో 2.4 కంటే బలహీనం. నీరు కూడా ఈ తరంగాలను పీల్చుకొంటుంది. కొళాయి నీరు ఏ రోజు వస్తుందో తెలియని ఊళ్ళలో వంటింటి గోడ వెంబడి వరుసగా నింపి ఉంచే డ్రమ్ములు, వాటి పక్కన ఇత్తడి, స్టీలు బిందెలు కలిసి సంకేతానికి చక్కని అడ్డుకట్ట కడతాయి. రౌటరును నడవలో, తలకంటే ఎత్తున, ద్వారాలకు ఎదురుగా ఉంచితే సంకేతం గోడల గుండా కాక గుమ్మాల గుండా పోతుంది.

కరెంటు: ఇది అన్నిటికంటే ముఖ్యం. డిస్కు వ్రాస్తున్న క్షణాన కరెంటు పోతే ఆ ఫైలు సగంలో ఆగిపోతుంది. ఒక్కోసారి ఫైళ్ళ పట్టికే చెదరవచ్చు. ఎక్స్‌ట్4 వంటి చిట్టా పద్ధతి గల ఫైలు వ్యవస్థలు ఈ దెబ్బను చాలావరకు తట్టుకొంటాయి. రౌటరుకు గుచ్చే చవక డిస్కులలో తరచుగా ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ తట్టుకోలేవు. ఒక డిస్కు గల నాస్ సుమారు 12 వాట్లు మాత్రమే వాడుతుంది. నెలంతా నడిచినా తొమ్మిది యూనిట్లకు మించదు. కనుక దానిని, రౌటరును ఇంటి ఇన్వర్టరుకు కలిపితే ఫ్యాన్లకు, దీపాలకు పెద్ద లోటు రాదు. అయితే ఇన్వర్టరును యూపీఎస్ మోడులో ఉంచాలి. మామూలు మోడులో కరెంటు మారే ఆ కనురెప్ప పాటు వ్యవధికే కొన్ని అడాప్టర్లు ఆగి, పెట్టె తిరిగి మొదలవుతుంది. ఉరుముల కాలంలో పాత రాగి ఫోను తీగ ద్వారా పిడుగు తాకిడి మోడెముకు చేరేది. కాంతి తీగ గాజుపోగు గనుక దాని ద్వారా రాదు. అయినా కరెంటు తీగ ఉండనే ఉన్నది. సర్జ్ రక్షణ గల బోర్డు అవసరం.

తెలుగు ఫైళ్ళతో వచ్చే చిక్కులు

బ్యాకప్ గురించి వ్రాసే పుస్తకాలలో సాధారణంగా కనిపించని విషయం ఇది. తెలుగునాట డీటీపీ కేంద్రాలలో రెండు మూడు దశాబ్దాలుగా శుభలేఖలు, కరపత్రాలు, స్థానిక పత్రికలు, పుస్తకాలు అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చబడినవి. ఇవి యూనికోడు ఫైళ్ళు కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని రోమను గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫైళ్ళను మాత్రమే నకలు తీస్తే చాలదు. ఫాంట్లు, కీబోర్డు మేనేజరు, పేజ్‌మేకరు స్థాపక ఫైలు, వాటితో పాటు ప్రతి పనికీ ఒక పీడీఎఫ్ ప్రతి కూడా దాచాలి. లేనిచో పదేళ్ళ తరువాత డ్రైవు చెక్కుచెదరకుండా ఉంటుంది, అందులోని పుస్తకం మాత్రం చదువరాదు.

యూనికోడు తెలుగుకూ తన ఇబ్బందులు తనకున్నాయి. లినక్సు నాస్‌లో ఫైలు పేరు 255 బైట్లు మించరాదు. ఆంగ్లంలో ఇది 255 అక్షరాలు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు గనుక 85 గుర్తులే. గుణింతాలు, పొల్లులు విడిగా లెక్కకు వస్తాయి. కొన్ని నాస్ పెట్టెలలో సంచయాన్ని గుప్తీకరిస్తే ఈ హద్దు 143 బైట్లకు, అనగా 47 గుర్తులకు తగ్గుతుంది. సర్వే నంబరు, ఊరి పేరు, తాతగారి పేరు, తేదీ అన్నీ కలిపి ఫైలుకు పేరు పెట్టే అలవాటున్నవారికి ఇది తొందరగానే అడ్డం వస్తుంది.

మరొక విచిత్రం ఐత్వానికి సంబంధించినది. యూనికోడులో "రైతు" అన్న మాటలోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం, దానికింద ఐత్వపు మెలిక అని రెండు గుర్తులుగానూ వ్రాయవచ్చు. పాత మ్యాక్ ఫైలు వ్యవస్థ రెండవ పద్ధతిని, విండోస్, లినక్సులలో టైపు చేసిన పేర్లు మొదటి పద్ధతిని అనుసరిస్తాయి. కంటికి రెండూ ఒక్కటే. నాస్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. అందుచేత "రైతు పాసు పుస్తకం" అన్న సంచయం రెండుమార్లు కనిపించడం, ఒకదానిలో కొన్ని ఫైళ్ళు, రెండవదానిలో కొన్ని ఉండటం జరుగవచ్చు. ఇంటిలో రెండు రకాల యంత్రాలు ఉన్నవారు ముఖ్య సంచయాల పేర్లను సంఖ్యలతో మొదలుపెట్టుకొంటే వెతకడం సులభం.

భద్రత

డ్రైవును ఇంటి లోపలి నెట్‌వర్కుకే పరిమితం చేయుట ఉత్తమం. ఎక్కడి నుండైనా ఫైళ్ళు చూసుకోవచ్చునన్న సౌకర్యం ఆకర్షణీయమైనదే. కాని 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ డ్రైవులు ప్రపంచవ్యాప్తంగా అనేకం ఇంటర్నెట్టు ద్వారా దూరం నుండి చెరిపివేయబడినవి. 2015 తరువాత వాటికి సాఫ్టువేరు సవరణలు రాలేదు. 2022 జనవరిలో క్యూన్యాప్ పెట్టెలపై డెడ్‌బోల్ట్ అన్న బందిపోటు సాఫ్టువేరు దాడి జరిగింది. అంతకు ముందు 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వాన్నాక్రై, ఎస్‌ఎంబీ నియమావళి యొక్క మొదటి రూపంలోని లోపం ద్వారా పాకింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడినవి. కనుక డ్రైవు అమరికలలో ఎస్‌ఎంబీ1ను, రౌటరులో యూపీఎన్‌పీని ఆపివేయవలెను. వై-ఫైకి డబ్ల్యూపీఏ2 లేదా అంతకంటే కొత్త రక్షణ ఉండాలి.

ఒక్క నకలు చాలునా?

రెండు డిస్కులలో ఒకే సమాచారాన్ని వ్రాసే రెయిడ్ పద్ధతిని (1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్‌లు ప్రతిపాదించినది) పలువురు బ్యాకప్ అని పొరబడతారు. పొరపాటున చెరిపిన ఫైలు రెండు డిస్కులలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ప్రకారం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. ఇంటిలోని వైర్‌లెస్ డ్రైవు ఇందులో రెండవ ప్రతి మాత్రమే. నిప్పు, దొంగతనం, పిడుగు అసలునూ నకలునూ కలిపే తీసుకుపోగలవు.

మూడవ ప్రతి విషయంలో ఈ ప్రాంతానికి ఒక అనుకూలత కలదు. కరవు వలన కొందరు, చదువు ఉద్యోగాల వలన కొందరు బెంగుళూరుకు వెళ్ళి స్థిరపడటం ఇక్కడ సాధారణం. పండుగకు ఊరికి వచ్చిన కొడుకో కూతురో ఒక చిన్న యూఎస్‌బీ డిస్కులో గుప్తీకరించిన నకలు తీసుకొని బస్సులో వెంట తీసుకువెళ్తే, మూడు రోజులు ఎక్కించవలసిన సమాచారం ఒక్క ప్రయాణంలో చేరిపోతుంది. ఉగాదికి ఒక డిస్కు, సంక్రాంతికి ఒక డిస్కు వంతులవారీగా మార్చుకొంటే ఏ సమయంలోనైనా ఒకటి బయట ఉంటుంది. గుప్తీకరణ సంకేతపదాన్ని కాగితంపై వ్రాసి, పాసు పుస్తకాల అసలు ప్రతులున్న పెట్టెలోనే ఉంచాలి. అది ఒక్కరికే తెలిసి ఉంటే, వారి తదనంతరం డిస్కు వట్టి ఇనుప ముక్క.

తిరిగి పొందుట

నకలు తీయడం కంటే దానిని తిరిగి తీసి చూడటం ముఖ్యం. ప్రతి రెండు మూడు నెలలకు ఒకసారి ఏదో ఒక ఫోటోను, ఏదో ఒక స్కాను ప్రతిని డ్రైవు నుండి వేరే యంత్రంలోకి తెచ్చి తెరవాలి. ముఖ్యంగా రౌటరు మార్చినపుడు, ఇంటర్నెట్టు సంస్థను మార్చినపుడు పాత చిరునామాకు పంపుతున్న బ్యాకప్ చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. తెరపై చివరి బ్యాకప్ తేదీ మాత్రమే ఆ సంగతి చెబుతుంది.